ఏడు గడుల కాగితం

"లెక్కల ఆఫీసులో పనిచేస్తున్నావని లోకంలో ఇంకెవరికీ లెక్క రాదనుకోకు వదినా," అంది మరదలు.

రెండు రోజుల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. శనివారం పేపర్లో మంత్రిగారి జవాబు పడింది మొదలు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మనుషుల చప్పుడు లేదు. ఒకరికి ఏదన్నా కావాలంటే ముసలావిడ చేత అడిగించుకుంటున్నారు. కోడలు ఉప్పడిగిందని కూతురికీ, కూతురు తాళంచెవి అడిగిందని కోడలికీ మోసీ మోసీ, ఆదివారం సాయంత్రానికి ఆవిడ విసిగిపోయింది. మీ ఇద్దరికీ నోళ్ళున్నాయి, నాకు మోకాళ్ళు లేవు, ఇహ మీరే చూసుకోండి అని మంచమెక్కింది.

ఆ జవాబు పొడుగైందేమీ కాదు. శిక్షాకాలం పూర్తయినా ఇంకా జైళ్ళలోనే ఉన్నవారు ఎంతమంది అని సభలో ఎవరో అడిగితే, మంత్రిగారు లేచి, ఎవరూ లేరు అని చదివి కూర్చున్నారు. ఆ రెండు మాటలూ టైపు చేసిచ్చింది ఈ ఇంటి ఆడపడుచే. జైళ్ళ శాఖ ప్రధాన కార్యాలయంలో, గణాంకాల విభాగంలో ఇరవై రెండేళ్ళుగా ఆమె ఉద్యోగం. ఏ జైల్లో ఎంతమందో నిద్రలో లేపి అడిగినా చెబుతుందని ఆఫీసులో అంకెలమ్మ అని పేరు పెట్టారు. చాటుమాటున కాదు, ఎదటే పిలుస్తారు. ఆమె కూడా పలుకుతుంది.

మరదలి భర్త, అంటే అంకెలమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, మూడేళ్ళుగా జైల్లో ఉన్నాడు. వైరింగు పనివాడు. కడుతున్న మేడలోంచి రాగి తీగ చుట్టలు ఎత్తుకొచ్చాడు. మొదటిసారి జరిమానాతో పోయింది. రెండోసారి దొరికేసరికి కొత్త చట్టం వచ్చి కూర్చుంది. రెండో దొంగతనానికి మూడేళ్ళకు ఒక్కరోజు కూడా తగ్గడానికి వీల్లేదు, బుద్ధిగా ఉన్నందుకు మినహాయింపులూ లేవు. తీర్పు చెప్పిన జడ్జిగారే తలెత్తకుండా, నా చేతుల్లో లేదయ్యా అన్నారు. తప్పు చేశాడు, శిక్ష పడింది. దాని మీద ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మరదలు ఇప్పుడు బల్ల మీదికి తోసిన ఆ నోటుపుస్తకం మీద.

"చూడు. పోలీసులు తీసుకెళ్ళిన రోజు నుంచీ రోజుకో గీత. మూడేళ్ళంటే వెయ్యిన్నీ తొంభై అయిదు రోజులు. ఇందులో పదకొండు వందల ముప్పై మూడున్నాయి. ఎవరూ లేరని రాశావుగా, మరి ఈయనెవరు?"

అంకెలమ్మకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళలో ఆమె లెక్కను వేలెత్తి చూపినవాళ్ళు లేరు. జైలు వాళ్ళిచ్చిన తేదీ ప్రకారం తమ్ముడికి ఇంకా నూట పదిహేను రోజులుంది. తీర్పుకు ముందు రిమాండులో గడిపిన రోజులు శిక్షలో కలుస్తాయి, నిజమే, కానీ కలిసేది రికార్డులో ఉన్న రోజులు, వంటింట్లో గీసుకున్న గీతలు కావు అని ఓపికగానే చెప్పింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఏ రోజో మరిచిపోయాననుకుని రెండేసి గీసుంటావులే అని కూడా అంది.

మరదలు సంచులు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆ మాటకు ఆమె ముఖం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు.

"రోజుకి నాలుగు వందల సంచులకి పిడులు కుడతాను వదినా. ఒక్కదానికి పిడి తప్పితే సాయంత్రానికల్లా సూపర్‌వైజరు తెచ్చి నా ముందు పడేస్తాడు. నీ లెక్క తప్పితే నిన్నెవరు పట్టుకుంటారు?"

ముసలావిడ మంచం మీద అటు తిరిగి పడుకుంది. అంకెలమ్మ టీ సగంలో వదిలేసి చెప్పులేసుకుంది. వీధి మలుపు తిరిగేదాకా ఆ ప్రశ్న ఆమె వెనకే వచ్చింది.

తమ్ముడి కాగితం ఒక్కసారి తీసి చూస్తే తేలిపోయేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు. తమ్ముడు అరెస్టయిన వారంలోనే ఆమె పై అధికారికి లిఖితపూర్వకంగా చెప్పుకుంది: నా తోడబుట్టినవాడు ఫలానా జైల్లో ఉన్నాడు, అతనికి సంబంధించిన ఏ కాగితమూ నేను ముట్టను అని. ముట్టలేదు కూడా. ఆ జైలు కట్ట వస్తే పక్క బల్లకు జరిపేసేది. తన నిజాయితీ గురించి ఆమెకు కాస్త గర్వం కూడా ఉంది. ఎందుకు దాచాలి, చాలానే ఉంది.

ఆ సోమవారం ఆ నియమాన్ని తనే తీసి పక్కన పెట్టింది. మరదలు తప్పని రుజువు చేద్దామనే పెట్టింది.

కాగితం మామూలుగానే ఉంది. విడుదల తేదీ కట్టే ఫారం, ఒకే పేజీ, ఏడు గడులు. మూడో గడిలో, రిమాండు రోజులు: అరవై ఒకటి. అంకెలమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. తమ్ముడు తీర్పుకు ముందు ఏడు నెలలు లోపలున్నాడు. తనే వారం వారం ములాఖత్‌కు వెళ్ళింది. మొదట పాత జైలు, అక్కడ చోటు చాలక తర్వాత ఈ జైలు. పాత జైల్లో ఉన్న నూట యాభై మూడు రోజులూ ఏమైనట్టు?

ఏమీ కాలేదు. అవి పాత జైలు రిజిస్టర్లో భద్రంగా ఉన్నాయి. ఈ ఫారంలోకి రాలేదు, అంతే. మరదలి పుస్తకంలో ఎక్కువైన ముప్పై ఎనిమిదీ, జైలు తేదీకి మిగిలిన నూట పదిహేనూ కలిపితే ఎంతో ఆమెకు కాగితం మీద వేసుకోవలసిన పని లేదు.

ఎందుకు రాలేదో తెలియడానికి మరో నిమిషం పట్టింది. ఆ నిమిషం ఆమె బతుకులో చెడ్డది. ఎందుకంటే ఆ ఫారం తయారుచేసింది ఆమే.

అయిదేళ్ళ కిందటి మాట. పాత ఫారం రెండు పేజీలుండేది, ఎనిమిది గడులు. సగం జైళ్ళ నుంచి మొదటి పేజీయే వచ్చేది, రెండోది దారిలో ఎక్కడో రాలిపోయేది. అంకెలమ్మ మూడు వారాలు కూర్చుని దాన్ని ఒక్క పేజీలోకి కుదించింది. గత జైలులో రిమాండు, ఈ జైలులో రిమాండు అని వేర్వేరుగా ఉన్న గడులను కలిపేసి, రిమాండు రోజులు అని ఒకటే చేసింది. రెండూ కలిపి వేస్తారనేగా ఆమె ఉద్దేశం. అడుగున చిన్న అక్షరాల్లో, రిజిస్టరు ప్రకారం నింపవలెను అని సూచన కూడా రాసింది. నింపేవాళ్ళు బుద్ధిగా నింపారు. ఎవరి రిజిస్టర్లో వాళ్ళ జైలు రోజులే ఉంటాయి మరి. ఆ ఏడాది ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

అప్పట్లో తీర్పు రాకముందే జైలు మారేవాళ్ళు ఏడాదికి పదిమంది ఉంటే గొప్ప. ఆ తర్వాత ఏడాదే కొత్త చట్టం వచ్చింది. పదకొండు వేలమంది ఉండే జైళ్ళలోకి నాలుగేళ్ళలో పంతొమ్మిది వేలమంది వచ్చారు. గోడలు సాగవు కదా. ఇక్కడ నిండితే అక్కడికి, అక్కడ నిండితే ఇంకో చోటికి, బస్సుల్లో ఎక్కించి మనుషుల్ని మార్చడం మొదలైంది. మార్చిన ప్రతిసారీ వెనక జైల్లో కొన్ని రోజులు ఉండిపోయాయి.

అంకెలమ్మ లేచి రికార్డు గదికి వెళ్ళింది. దాని సంరక్షకుడు రేపో మాపో రిటైరయ్యే మనిషి, ముప్పై ఏళ్ళుగా ఆ దుమ్ములో తుమ్ముతూ బతుకుతున్నందుకు అందరూ దుమ్ముదొర అంటారు. నాలుగేళ్ళ బదిలీ చీటీలన్నీ కావాలంటే, ఆయన ఆమె ముఖం చూసి ఎందుకని అడగలేదు. నిచ్చెన తెచ్చుకున్నాడు.

సోమవారం, మంగళవారం, బుధవారం మధ్యాహ్నం దాకా ఇద్దరూ చీటీ ఒక పక్క, ఫారం ఒక పక్క పెట్టుకుని సరిచూశారు. దుమ్ముదొర పేరు చదువుతాడు, తుమ్ముతాడు, రోజులు చెబుతాడు. ఆమె కలిపి కొత్త తేదీ కడుతుంది. ఆ తేదీ దాటిపోయి ఇంకా లోపలే ఉన్నవాళ్ళ పేరు పక్క కాగితం మీద రాస్తుంది. మొదటి రోజు ఆయన, పొరపాటున లోపలున్నవాళ్ళే ఇంతమంది ఉంటే పొరపాటున బయట తిరుగుతున్నవాళ్ళు ఎంతమందో అని ఒక జోకు వేశాడు. రెండో రోజు నుంచి జోకులు లేవు. ఎనిమిది రోజులు ఎక్కువున్నవాడు, తొంభై రోజులు ఎక్కువున్నవాడు, ఏడాదీ నాలుగు రోజులు ఎక్కువున్న ఒక ముసలి మేకల కాపరి.

మొత్తం ఆరువందల పదమూడు మంది తేలారు. తమ్ముడు ఆ జాబితాలో నాలుగువందల పదిహేడోవాడు.

డైరెక్టరు చెడ్డవాడని ఎవరూ అనలేరు. కింద నుంచి పైకి వచ్చిన మనిషి, ఫైలు పూర్తిగా చదివి గానీ సంతకం పెట్టడు. ఆ జాబితా కూడా పూర్తిగా చదివాడు. చదివి, తలుపు వేసి రమ్మన్నాడు. మర్నాడు ఉదయం శాసనసభ కమిటీ ముందు ఆయన హాజరు కావాలి. కొత్త చట్టం వల్ల జైళ్ళ పరిస్థితి ఏమైందో విచారించే కమిటీ. ఆయన వెనక కుర్చీలో ఫైళ్ళు పట్టుకుని కూర్చోవలసింది అంకెలమ్మే.

ఆయన చాలాసేపు చెప్పుకొచ్చాడు. సభలో చెప్పిన మాటను వారం తిరక్కుండా వెనక్కి తీసుకోమని మంత్రిగారికి చెప్పే ధైర్యం ఈ భవనంలో ఎవరికీ లేదన్నాడు. సమావేశాలు నెలలో అయిపోతాయి, ఆ తర్వాత చడీచప్పుడు లేకుండా వారానికి పదేసి మంది చొప్పున వదిలేద్దామన్నాడు. తప్పు ఆమె ఒక్కదాని మీదికే వస్తుందని, పింఛను కూడా పోవచ్చని గుర్తుచేశాడు. అది బెదిరింపు కాదు. ఆయనకు నిజంగానే జాలిగా ఉంది.

"పదేసి మంది అంటే చివరివాడు ఎప్పటికి వస్తాడు సార్?"

"ఏడాది పట్టొచ్చు." ఆయన కిటికీ వైపు చూశాడు. "మీ తమ్ముడి సంగతి వేరు. ఆ పని ఈ రోజే చేస్తాను. రేపు నాలుగు గంటల విడుదలల్లో వచ్చేస్తాడు. మీరు రేపు నా వెనక కూర్చుని ఏమీ మాట్లాడకపోతే చాలమ్మా. మిమ్మల్ని అడిగేవాళ్ళు కూడా ఎవరూ ఉండరు."

సరే అనలేదు ఆమె. వద్దని కూడా అనలేదు. నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది. ఆయన దాన్ని సరేనే అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అంతా చెప్పింది. ఫారం సంగతీ, గడుల సంగతీ, డైరెక్టరు మాటా ఏదీ దాచలేదు. నువ్వే రైటు, నా లెక్కే తప్పు అని మరదలితో అంది. మరదలు గెలిచినందుకు ఏమీ సంబరపడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, రేపు నాలుగు గంటలకా, రేపేనా అని రెండుసార్లు అడిగింది.

"ఇంకా ఆరువందల మంది ఉన్నారమ్మాయ్," అంది అంకెలమ్మ.

"ఉంటారు. వాళ్ళకీ అక్కలుంటారు, పెళ్ళాలుంటారు. వాళ్ళ పుస్తకాలు వాళ్ళు గీసుకుంటారు. నేను మంచిదాన్నని ఎప్పుడూ అనలేదు వదినా. సోమవారానికే ముప్పై ఎనిమిది రోజులు నా మొగుణ్ణి ఊరికే లోపల పెట్టారు. ఇవాళ్టికి నలభై. నన్ను నలభై ఒకటోది గీయమనకు."

ముసలావిడ అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటోంది. ఆ ఆరువందల మందీ నీ కాగితం వల్లేనా అని కూతుర్ని అడిగింది. నా కాగితం వల్లా, మనుషుల్ని ఎక్కడ పెట్టాలో చూసుకోకుండా చట్టం చేసినవాళ్ళ వల్లా అంది అంకెలమ్మ. వాళ్ళ సంగతి నేనడగలేదు అంది తల్లి. నా వల్లే అంది అంకెలమ్మ.

ముసలావిడ గోడ వదిలి ముందుకు జరిగింది.

"నాకు వాడు కావాలి," అంది. "అబద్ధమెందుకు ఆడాలి. రేపొస్తాడంటే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు. కానీ నా పేరు చెప్పి మటుకు ఏదీ చేయకు. చేసినా నీదే, మానినా నీదే."

అంకెలమ్మ ఏం చేస్తానో చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. మర్నాడు పొద్దున మరదలు ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది, తలంటుకుంది, వదిన కారేజీ తనే కట్టి ఆమె చేతికిచ్చింది. మూడేళ్ళలో ఆ మనిషి కూనిరాగం తీయడం అదే మొదటిసారి. అప్పుడన్నా నోరు విప్పవలసింది. విప్పలేక, వెళ్ళొస్తాను అని మాత్రం అని మెట్లు దిగిపోయింది.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, దాని చుట్టూ సభ్యులు, ఎదురుగా అధికారులు. అధికారుల వెనక గోడవారగా ఇంకో వరస కుర్చీలు. ఆ వరసకు ఒక కట్టుబాటుంది: వాళ్ళకు నోరుండదు. ముందున్న అధికారికి ఏదన్నా అందించాలంటే చీటీ మీద రాసి భుజం మీదుగా ఇవ్వాలి. అంకెలమ్మ ఇలాంటి గదుల్లో ఎన్ని చీటీలు ఇచ్చిందో లెక్కలేదు.

అధ్యక్షుడు ఒకప్పటి వకీలు, చెవిలో మిషను పెట్టుకున్న పెద్దాయన. చట్టం తెచ్చే ముందు జైళ్ళలోకి ఎంతమంది అదనంగా వస్తారో ప్రభుత్వం అంచనా వేసిందా అని అడిగాడు. హోం కార్యదర్శి నీళ్ళు నమిలి, ప్రత్యేకంగా వేయలేదన్నాడు. కొత్త జైళ్ళెన్ని కట్టారని ఒక సభ్యురాలు అడిగింది. పరిశీలనలో ఉన్నాయన్నాడు. నేరాలన్నా తగ్గాయా అంటే, తగ్గాయని చెప్పడానికి ఇంకా సమయం కావాలన్నాడు. పెద్దాయన పెన్నుతో బల్ల మీద కొడుతూ, అంటే ఎంతమంది వస్తారో చూడలేదు, ఎక్కడ పెట్టాలో చూడలేదు, ఏం లాభమో చూడలేదు అన్నాడు.

"పోనీ, వచ్చినవాళ్ళు వేళకు బయటికన్నా పోతున్నారా? గడువు దాటినవాళ్ళు ఎవరూ లేరని సభకు చెప్పారు. లెక్కపెట్టే చెప్పారా?"

"మా గణాంకాల విభాగం లెక్కపెట్టింది సార్," అన్నాడు డైరెక్టరు.

అంకెలమ్మ చీటీ రాసింది. తప్పు, 613, చెప్పండి. భుజం మీదుగా అందించింది. డైరెక్టరు చదివి, మడిచి, నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. వెనక్కి తిరగలేదు. ఆయన మెడ వెనక చెమట పట్టడం ఆమెకు కనిపించింది.

"అయితే ఎవరూ లేరని నమోదు చేసుకోమంటారా?" అన్నాడు అధ్యక్షుడు. పక్కన కూర్చున్న గుమాస్తా పెన్ను ఎత్తాడు.

డైరెక్టరు నీళ్ళ గ్లాసు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంకెలమ్మకు ఆ క్షణంలో తమ్ముడు గుర్తురాలేదు, ముసలి మేకల కాపరీ గుర్తురాలేదు. నిన్నెవరు పట్టుకుంటారు అన్న మరదలి ప్రశ్నే చెవిలో ఉంది. లేచి నిలబడింది.

"నమోదు చేసుకోకండి."

గదిలో తలలన్నీ ఆ గోడ వైపు తిరిగాయి. వెనక వరస మాట్లాడ్డం వాళ్ళెవరూ ఎరగరు.

"ఆరువందల పదమూడు మంది ఉన్నారండి. విడుదల తేదీ కట్టే ఫారం నేనే తయారుచేశాను. జైలు మారినవాళ్ళ రోజులు అందులోకి రావు. ఎవరూ లేరని రాసిచ్చింది కూడా నేనే. అప్పటికి నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు."

జాబితా తీసుకెళ్ళి తనే బల్ల మీద పెట్టింది. పెద్దాయన చెవి మిషను సరిచేసుకుని, పేజీలు తిప్పి, ఇందులో ఎవరైనా మీకు కావలసినవాళ్ళున్నారా అని అడిగాడు. వకీలు కదా, అడగవలసిన ప్రశ్నే అడిగాడు.

"నాలుగువందల పదిహేడు. మా తమ్ముడు."

హోం కార్యదర్శి ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి నిటారుగా కూర్చున్నాడు. జైల్లో సొంత తమ్ముణ్ణి పెట్టుకున్న ఉద్యోగిని తయారుచేసిన జాబితాను ప్రభుత్వం ఎలా నమ్ముతుందన్నాడు. వేరే వాళ్ళ చేత మొత్తం సరిచూపించాలి, అప్పటిదాకా ఈ జాబితాలోని ఏ ఒక్కరినీ కదిలించడానికి వీల్లేదన్నాడు. కాసేపు వాదన జరిగింది. రోజూ అన్యాయం జరుగుతుంటే సరిచూడ్డమేమిటని సభ్యురాలు గట్టిగానే అంది. చివరికి అధ్యక్షుడు గడువు పెట్టాడు. పదిహేను రోజుల్లో ఒక్కొక్క పేరూ తేల్చి తన ముందు పెట్టాలి, పదహారో రోజు మంత్రిగారే వచ్చి ఈ కుర్చీలో కూర్చోవాలి. గుమాస్తా అది రాసుకున్నాడు.

బయట వరండాలో డైరెక్టరు ఆమెను దాటుకుంటూ వెళ్ళి, నాలుగడుగులు వేసి ఆగాడు. మీ తమ్ముడి విడుదల కాగితం మీద నిన్ననే సంతకం పెట్టానమ్మా అన్నాడు. ఇప్పుడది కార్యదర్శి గారు అడిగి తీసుకున్నారు అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది.

కారేజీ విప్పలేదు. బస్సెక్కి జైలు దగ్గర దిగేసరికి నాలుగు కావస్తోంది. గేటుకు ఎదురుగా రేకుల షెడ్డు, అందులో ఇనుప బెంచీలు. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు గేటులోని చిన్న తలుపు వైపే చూస్తున్నారు. మరదలు అందరికంటే ముందు నిలబడి ఉంది. చంకలో ఇస్త్రీ చేసిన చొక్కా, పాంటు ఉన్న సంచి. వదినను చూసి చెయ్యి ఊపింది. తర్వాత వదిన నడక చూసి ఊపడం ఆపేసింది.

చిన్న తలుపు తెరిచారు. ఒకడు బయటికొచ్చాడు, వాళ్ళమ్మ ఏడుస్తూ పట్టుకుంది. ఇంకొకడు వచ్చి, తనకోసం వచ్చినవాళ్ళు లేక, బస్సు స్టాపు ఎటని కాపలావాణ్ణి అడిగి వెళ్ళిపోయాడు. తలుపు మూశారు. కాపలావాడు ఇవాళ్టికి అంతే అన్నాడు.

అంకెలమ్మ దగ్గరికి వచ్చి కమిటీలో జరిగింది చెప్పింది. పదిహేను రోజులు అంది. పెద్దాయన మాటంటే మాటేననీ, ఈసారి ఎవరూ తప్పించుకోలేరనీ, మంత్రిగారే వచ్చి కూర్చోవాలనీ చెబుతూనే ఉంది. మరదలు ఆ మాటలేవీ వినిపించుకున్నట్టు లేదు.

"ఎంతమందని చెప్పావు?"

"ఆరువందల పదమూడు."

"ఆయన్ని కలిపా, తీసేసా?"

అంకెలమ్మ తల ఎత్తింది. ఈ ప్రశ్న కమిటీలో ఎవరూ అడగలేదు. తీసేస్తే ఆరువందల పన్నెండు. జాబితాలో ఒక్క పేరు కొట్టేసి, ఒక్క అంకె మార్చి చెబితే గదిలో ఎవరికీ తెలిసేది కాదు. డైరెక్టరు సంతకమూ నిలిచేది, మిగతావాళ్ళ సంగతీ బయటపడేది. అలా చేయొచ్చన్న ఆలోచనే ఆమెకు రాలేదు. ఎందుకు రాలేదో కూడా తెలియదు.

"కలిపే చెప్పాను," అంది.

మరదలు ఆమె ముఖంలోకి చూసింది. తిడుతుందనుకుంది అంకెలమ్మ. తిట్టినా, కొట్టినా బాగుండుననుకుంది. మరదలు వెళ్ళి ఇనుప బెంచీ మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వెళ్ళు వదినా. అత్తయ్య ఎదురుచూస్తుంటుంది, ఆవిడకి నువ్వే చెప్పు. పదిహేను రోజులన్నావుగా, నేనిక్కడే ఉంటాను."